కడప పెరట్లోంచి గురుడి ఫోటో తీయడం ఎలా?

గ్రహం ఫోటో ఒక్క క్లిక్‌తో రాదు. ముందు చిన్న వీడియో తీయాలి. అందులో స్పష్టంగా ఉన్న ఫ్రేములు ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. 130 మిల్లీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోప్, మొబైల్, దాన్ని ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే అడాప్టర్ ఉంటే గురుడి మీది పట్టీలు బాగానే వస్తాయి.

కెమెరా కంటే ముందు చోటు, వేళ చూసుకోండి. సగం పని అక్కడే తేలిపోతుంది. పగలంతా కడప ఎండకు కాగిన మిద్దె, పెరట్లో పరిచిన బండలు రాత్రి చాలాసేపు వేడి వదులుతూనే ఉంటాయి. ఆ గాలి పైకి లేస్తుంటే గ్రహం పారే నీటి అడుగున గులకరాయిలా కదిలిపోతుంది. అందుకే టెలిస్కోప్‌ను మట్టినేల మీద నిలపండి. అద్దం చల్లబడేలా గంట ముందే బయట పెట్టండి. నా మాట వింటే తెల్లవారుజామున తీయండి.

గ్రహం ఎంత ఎత్తులో ఉంటే అంత మేలు. ఈ విషయంలో మనం అదృష్టవంతులం. కడప 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి గురుడు నడినెత్తి దాకా వస్తాడు. 2027 ఫిబ్రవరిలో ఆయన ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా అవతలి దిక్కున ఉంటాడు. దానికి రెండు నెలల ముందు, 2026 డిసెంబరులో, తెల్లవారుజామునే బాగా పైన కనిపిస్తాడు.

టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు దూరం) 650 మిల్లీమీటర్లయితే, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌కు 2 రెట్ల బార్లో (బొమ్మను ఇంకా పెద్దది చేసే కటకం) కలిపితే గ్రహం 130 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అది చాలు. గురుడి పక్కనున్న ఉపగ్రహాలు సన్నటి చుక్కలయ్యే దాకా ఫోకస్ తిప్పండి. తర్వాత స్క్రీన్ మీద గ్రహాన్ని నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, పట్టీలు కనిపించేదాకా వెలుతురు తగ్గించండి. చాలామంది ఫోటోల్లో గురుడు తెల్లటి ముద్దగా మిగిలిపోయేది ఇక్కడే.

వీడియో నిమిషం, నిమిషంన్నర తీస్తే సరి. గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు, ఎక్కువసేపు తీస్తే వివరాలు చెదిరిపోతాయి. మోటారు లేకపోతే గ్రహాన్ని ఒక అంచున పెట్టి వదిలేయండి, అదే అవతలి అంచుకు జరుగుతుంది. అంతసేపూ టెలిస్కోప్‌ను తాకొద్దు. అలా నాలుగైదు వీడియోలు తీసుకోండి.

ఇక కంప్యూటర్ పని. పిప్ (PIPP) అనే ప్రోగ్రాం గ్రహాన్ని ప్రతి ఫ్రేములో మధ్యకు తెస్తుంది. ఆటోస్టాకర్ట్ (AutoStakkert) మంచి ఫ్రేములు ఎంచి పేరుస్తుంది. రెజిస్టాక్స్ (RegiStax)లోని వేవ్‌లెట్లు అనే స్లైడర్లు ఫోటోకు పదును పెడతాయి. మూడూ ఉచితమే. స్లైడర్లు కొద్దికొద్దిగా జరపండి. గ్రహం అంచున తెల్లటి గీత తేలిందంటే పదును ఎక్కువైనట్టే, వెనక్కి తగ్గించండి.