బోరుకు ముందు రెసిస్టివిటీ సర్వే: తప్పనిసరి జాగ్రత్తలు

వేసవి బోర్లు మొదలయ్యే ముందు, తెలంగాణ, రాయలసీమ గ్రానైట్ నేలల్లో రెసిస్టివిటీ సర్వే (నేలలో దిగేసిన కడ్డీల ద్వారా కరెంటు పంపి, దానికి ఎంత నిరోధం, అంటే అడ్డు, ఎదురవుతుందో కొలిచి నీటి జాడ అంచనా వేయడం) చేయించుకునే రైతులు ఇవి చూసుకోవాలి.

తక్కువ నిరోధం కనిపించిన ప్రతిచోటా నీరుందని నమ్మి రిగ్గును పిలిపించకండి. బంకమట్టి, ఉప్పునీరు కూడా విద్యుత్తును సులువుగా పోనిస్తాయి కనుక, చుట్టుపక్కల బోర్లలో ఏ లోతున ఏ పొర తగిలిందో, నీళ్లు ఎక్కడ పడ్డాయో కనుక్కుని ఆ అంకెలతో సరిచూడకపోతే బోరు ఖర్చంతా మట్టిపాలవుతుంది.

తీగ పరవడానికి తిన్నని జాగా ఎంత ఉందో ముందే కొలిపించండి. ష్లంబర్జర్ పద్ధతిలో కరెంటు పంపే రెండు కడ్డీలను దూరం జరిపేకొద్దీ లోతు తెలుస్తుంది. 100 మీటర్ల లోతు అంచనాకు రావాలంటే వాటి మధ్య సుమారు 300 నుంచి 400 మీటర్ల దూరం కావాలి. అరెకరం మడిలోనే తీగ పరిచి 600 అడుగుల కింద నీళ్లున్నాయని చెబితే ఆ మాటకు ఆధారం లేదు. తగినంత జాగా ఉన్నా, బాగా లోతున గట్టి రాతిలో ఉండే సన్నని పగులును ఈ సర్వే తరచుగా పట్టుకోలేదు.

ఇనుప కంచె, పాత బోరు కేసింగు, పాతిన ఇనుప పైపులైనుకు దూరంగా కొలిపించండి, ఎందుకంటే కరెంటు వాటి వెంట దారి మళ్లుతుంది.

ఎండిన నేలలో కడ్డీల మొదట్లో ఉప్పునీళ్లు పోయించండి. లేకుంటే కరెంటు నేలలోకి సరిగా దిగక, ఒకేచోట తీసిన రీడింగు ప్రతిసారీ మారుతుంది.

కొలత సాగుతున్నంతసేపు పిల్లలను, పశువులను కడ్డీల దగ్గరికి రానివ్వకండి, ఎందుకంటే ఆ కడ్డీలకు వందల వోల్టులు అందుతుండవచ్చు.