మూలా నక్షత్రానికి ముందు: పాత డెస్కు పెన్నులు, సిరాబుడ్లు కడిగేటప్పుడు జాగ్రత్తలు

దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రిపై అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం. పూజలో పెట్టడానికి బెజవాడ ఇళ్లలో తాతల నాటి పెన్నులు బయటికొస్తాయి. తడిపే ముందు ఇవి చూసుకోండి.

– స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ తాకనివ్వకండి. పెన్ను సెల్యులాయిడ్‌ది (పాతకాలపు ప్లాస్టిక్) అయితే మెత్తబడి కరుగుతుంది, ఆ పెన్ను ఇక బాగుపడదు. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి: కర్పూరం వాసనైతే సెల్యులాయిడ్, గంధకం వాసనైతే ఎబొనైట్ (గట్టి రబ్బరు).

– బిగుసుకున్న మరను దీపం మీద కాచకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

– వేడినీళ్లు వద్దు. రాజమండ్రి రత్నం పెన్నుల్లో వాడే ఎబొనైట్ వేడినీట్లో నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. చన్నీళ్లలోనైనా పెన్నంతా ముంచకండి. గ్లాసులో అంగుళం నీళ్లు పోసి పాళీ వైపు మాత్రం ఉంచండి. నీళ్లు నీలమైనప్పుడల్లా మార్చండి, ఒక రాత్రి పట్టినా ఫర్వాలేదు.

– పక్కన మీట ఉంటే లాగకండి. లోపలి రబ్బరు సంచి ఎండి గట్టిపడి ఉంటుంది, బలవంతం చేస్తే మీటే విరుగుతుంది.

– స్టాండు గొట్టంలో పెన్ను అతుక్కుంటే మెలితిప్పకండి, పాళీ వంకరపోతుంది. అంచున చుక్కచుక్కగా నీళ్లు వేసి మర్నాటిదాకా వదిలేయండి.

– సిరాబుడ్డికి బంగారు పూత ఉంటే చింతపండు, పాలిష్ రెండూ వద్దు. పూత పోతుంది.

– నింపేది ఫౌంటెన్ పెన్ సిరాయే. డ్రాయింగ్ ఇంకు లోపల ఎండితే నీళ్లకు కరగదు.