రేఖాగణితం స్వయంగా నేర్చుకుందాం – 4: వృత్తానికి సమానమైన చతురస్రం

రేఖాఖండాన్ని ఏడు సమభాగాలు చేయడం, లంబం నిలపడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ రెండూ కావాలి. వృత్తలేఖిని మర వదులుగా ఉంటే గీస్తుండగానే వ్యాసార్థం మారిపోతుంది. కోఠీలో కొనేటప్పుడు అక్కడే ఒక వృత్తం గీసి, మొదలూ చివరా కలిశాకే తీసుకోండి.

వృత్తం వైశాల్యం ఎంతో సరిగ్గా అంతే వైశాల్యం గల చతురస్రాన్ని గుర్తుల్లేని కొలబద్ద, వృత్తలేఖినితో గీయాలి. గ్రీకుల కాలం నుంచి ఉన్న సమస్య ఇది.

3.5 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయండి. పక్కన ఒక పొడవైన గీత మీద ఆ వ్యాసార్థాన్ని కఖ అని గుర్తించండి. ఖ నుంచి ముందుకు అదే వ్యాసార్థాన్ని వరసగా మూడుసార్లు వేసి, దానిలో ఏడో భాగం కలిపితే గ వస్తుంది. ఆ ఏడో భాగాన్నే ఇరవై రెండు చిన్న అంగలుగా వేస్తే ప్రతి అంగలో కొంత తప్పు చేరుతుంది, ఇలా అయితే అంతగా చేరదు. కగ వ్యాసంగా అర్ధవృత్తం గీసి, ఖ దగ్గర లంబం ఎత్తండి. అది అర్ధవృత్తాన్ని తాకే చోటు ఘ. ఖఘ మనకు కావలసిన భుజం.

ఎందుకంటే కఖఘ, ఘఖగ సరూప త్రిభుజాలు. కాబట్టి ఖఘ వర్గం = 3.5 × 11 = 38.5. వృత్తం అసలు వైశాల్యం సుమారు 38.4845 చదరపు సెం.మీ. భుజంలో తేడా మిల్లీమీటరులో దాదాపు ఎనభయ్యో వంతు; పెన్సిలు గీత మందమే అంతకన్నా చాలా ఎక్కువ.

అయినా సమస్య తీరలేదు. మనం వాడిన మూడూ ఏడో వంతు, అంటే 22/7, π కి దగ్గరి విలువే తప్ప π కాదు. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివేవారికి π అంటే 22/7 అని అలవాటైపోయి ఉంటుంది, ఇక్కడ మాత్రం ఆ అలవాటు మానుకోవాలి. ఈ రెండు పరికరాలతో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం మాత్రమే సాధ్యం. వాటితో వచ్చే ప్రతి సంఖ్యా పూర్ణాంక గుణకాలున్న ఏదో ఒక బహుపది సమీకరణానికి (x² − 2 = 0 లాంటిది) మూలమవుతుంది. π అలాంటి ఏ సమీకరణానికీ మూలం కాదని 1882లో జర్మన్ గణితవేత్త లిండెమన్ నిరూపించాడు. సరిగ్గా సమానమైన చతురస్రం గీయగలిగితే π పొడవు కూడా గీయగలగాలి, కాబట్టి అది అసాధ్యం. పారిస్ అకాడమీ 1775లోనే ఇలాంటి సాధనలను పరిశీలించడం మానేసింది, కానీ అప్పటికి దాని చేతిలో నిరూపణ లేదు. దొరకకపోవడం వేరు, దొరకదని నిరూపించడం వేరు. గణితంలో నన్ను అన్నిటికన్నా కదిలించే తేడా ఇదే.

వచ్చే పాఠంలో π కి ఇంకా దగ్గరైన 355/113 ఆధారంగా రామానుజన్ 1913లో ప్రచురించిన నిర్మాణం గీద్దాం. ఈలోగా 7 సెం.మీ. వ్యాసార్థంతో ఇదే గీసి, ఖఘ 12.4 సెం.మీ. వచ్చిందో లేదో చూడండి.