అలర్ట్ రాలేదా? అయితే లేచి చూడండి

మళ్ళీ అల్పపీడనం కబురు వచ్చింది. 2021 నవంబరులో కొండ నీళ్ళు కపిలతీర్థం మీదుగా తిరుపతి వీధుల్లోకి దిగిన సంగతి ఎవరూ మరవలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానూ అంతే. ఇంట్లోనో చిన్న ఆఫీసులోనో సర్వర్ (రాత్రింబవళ్ళు నడిచే కంప్యూటర్) నడుపుతూ, సంపుకీ మోటారుకీ సెన్సార్లు పెట్టుకున్నవాళ్ళ కోసం ఈ జాగ్రత్తలు. సర్వర్ నేల మీద పెట్టొద్దు, బ్యాకప్ తీసుకోండి లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం.

మనుషుల్ని ముంచే తప్పు ఒకటే: అలర్ట్ రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకోవడం.

అలర్ట్ మీ ఫోన్‌కి చేరాలంటే సెన్సార్, సర్వర్, రౌటర్, ఫైబర్ డబ్బా (ఇంటర్నెట్ తీగ వచ్చి చేరేది), ఇవన్నీ బతికుండాలి. చాలా ఇళ్ళలో సర్వర్ యూపీఎస్ మీద ఉంటుంది, ఫైబర్ డబ్బా మాత్రం హాల్లో టీవీ పక్కన మామూలు ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోగానే ముందు పోయేది అదే. సర్వర్ ఇంకో ఇరవై నిమిషాలు బతికి కేకలు పెడుతూనే ఉంటుంది, బయటికి ఒక్క కేకా రాదు. ఆ తర్వాత బ్యాటరీ అయిపోయి అదీ పడిపోతుంది. మీ ఫోన్‌లో కనిపించే చివరి మెసేజ్ మాత్రం "అంతా సరే".

అందుకే లెక్క తిరగేయాలి. చెరువు కట్ట మీద కావలి మనిషి గంటకోసారి కేకేస్తాడు, కేక ఆగితే ఊరు లేస్తుంది. సర్వర్ చేత కూడా అదే పని చేయించండి. ఐదు నిమిషాలకోసారి క్రాన్‌తో (టైము ప్రకారం పనులు నడిపే ప్రోగ్రాము) ఇంటి బయట నడిచే కాపలా సర్వీసుకి పింగ్ (బతికున్నానన్న చిన్న సందేశం) పంపాలి. పదిహేను నిమిషాలు రాకపోతే ఆ బయటి సర్వీసే మిమ్మల్ని లేపాలి. కాపలా ప్రోగ్రాముల్లో, అంటే అప్‌టైమ్ కుమాలో పుష్ మానిటర్, జాబిక్స్‌లో నోడేటా ఈ పనికే ఉన్నాయి. కాపలా కాసేది మాత్రం అదే ఇంట్లో, అదే యూపీఎస్ మీద ఉండకూడదు. ఉంటే రెండూ కలిసే మునుగుతాయి.

సెన్సార్ల సంగతి కూడా ఇంతే. తెర మీద "డ్రై" అని ఉంటే సంపు గది పొడిగా ఉందని కాదు, ఆ సెన్సార్ ఆఖరిసారి చెప్పిన మాట అది. జిగ్‌బీ టు ఎంక్యూటీటీలో (సెన్సార్ల మాటలు సర్వర్‌కి చేర్చే ప్రోగ్రాము) అవైలబిలిటీ, అంటే సెన్సార్ పలుకుతోందా లేదా అని చూసే ఏర్పాటు, మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేసినా బ్యాటరీ సెన్సార్ మూగబోయిందని చెప్పడానికి గడువు 1500 నిమిషాలు, అంటే 25 గంటలు. వానాకాలంలో అది పనికిరాదు. సెన్సార్ మామూలుగా ఎంతసేపటికోసారి పలకరిస్తుందో చూసి, దానికి మూడింతలు పెట్టండి. ఉష్ణోగ్రత గ్రాఫ్ గీత గీసినట్టు తిన్నగా పోతోందంటే సంతోషించకండి. బతికున్న సెన్సార్ కొంచెమైనా ఊగుతుంది.

ఇన్వర్టర్ లైనులో యూపీఎస్ గుచ్చినవాళ్ళకి ఇంకో గుంట ఉంది. వీధిలో కరెంటు పోయినా యూపీఎస్‌కి ఇన్వర్టర్ కరెంటు అందుతూనే ఉంటుంది, కాబట్టి "ఆన్ బ్యాటరీ" అలర్ట్ రాదు. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా అయిపోయాక వస్తుంది. అప్పటికి మీ చేతిలో మిగిలేది యూపీఎస్‌లోని ఆ కాసేపే. ఇన్వర్టర్ లేని లైనులో ఒక స్మార్ట్ ప్లగ్ పెట్టండి. రౌటర్ బతికుండగా అది మూగబోయిందంటే వీధి కరెంటు పోయినట్టే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటు ముతకగా ఇచ్చే రకం) అయితే తిప్పలు వేరు: యూపీఎస్ ఆ కరెంటుని నమ్మక బ్యాటరీకీ లైనుకీ మధ్య గెంతుతుంది, ఫోన్‌కి నిమిషానికో అలర్ట్ వస్తుంది, విసుగొచ్చి మ్యూట్ కొడతారు. మౌనాన్ని మన చేత్తో మనమే తెచ్చుకోవడం అంటే ఇదే.

ఇక వరసగా:

• నట్‌లో (యూపీఎస్‌ని కనిపెట్టే ప్రోగ్రాము) "ఓబీ", అంటే బ్యాటరీ మీద నడుస్తోందని, ఒక్కటే ఉంటే ఆగి చూడండి. "ఓబీ ఎల్‌బీ" (ఎల్‌బీ అంటే బ్యాటరీ అడుగంటిందని) రెండూ కలిసి వస్తే షట్‌డౌన్ మొదలైనట్టే, వేలు పెట్టకండి. "ఆర్‌బీ" అంటే బ్యాటరీ మార్చమని, రేపు కాదు.

• యూపీఎస్ 100 శాతం చూపిస్తే నమ్మకండి. లోపలి 12 వోల్టుల బ్యాటరీ మన ఎండలకి రెండు మూడేళ్ళలో నీరసపడుతుంది. బ్యాకప్ తీసి, ప్లగ్ పీకి, గడియారం పట్టుకుని చూడండి. వచ్చిన టైములో సగం దగ్గరే షట్‌డౌన్ మొదలయ్యేలా పెట్టండి.

• ఒకేసారి నలభై అలర్టులు వస్తే చివరిది కాదు, మొట్టమొదటిది చదవండి. మిగతావి చాలావరకు దాని పిల్లలే. పాత రాస్‌ప్‌బెర్రీ పైలలో (చిన్న కంప్యూటర్లు) గడియారం బ్యాటరీ లేదు, కరెంటు వచ్చాక కాసేపు టైము తప్పు చూపిస్తుంది. అది చూపే అలర్టుల వరస నమ్మొద్దు.

• స్మార్ట్‌లో (డిస్క్ తన ఆరోగ్యం తానే చెప్పే పట్టిక) 199, అంటే దారిలో డేటా చెడిన లెక్క, పెరిగితే ముందు కేబుల్ మార్చండి. పాత అంకె తగ్గదు, ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. 197, 198 (డిస్క్ మీద చదవలేని చోట్ల లెక్కలు) పెరిగితే కేబుల్ మాట వదిలి డేటా బయటికి తీయండి.

• రెయిడ్ (డిస్కుల జట్టు) డిగ్రేడెడ్, అంటే జట్టులో డిస్క్ జారిపోయింది అని వస్తే ముందు బ్యాకప్. కరెంటు వచ్చీపోతున్న రాత్రి రీబిల్డ్ (జట్టులో డిస్క్‌ని మళ్ళీ నింపడం) మొదలుపెట్టొద్దు.

• "రికవర్డ్" (మళ్ళీ బాగైంది) మెసేజ్ వస్తే ఎందుకు పడిపోయిందో తెలిసేదాకా మూసేయొద్దు.

• మ్యూట్‌కి గడువు పెట్టండి. రెండు గంటలు. "ఎప్పటికీ" నొక్కొద్దు.

• ఫైబర్ డబ్బాని, రౌటర్‌ని ఈరోజే యూపీఎస్ మీదికి మార్చండి.

• ఫోన్ డు నాట్ డిస్టర్బ్‌లో ఈ అలర్టులకి మినహాయింపు ఇవ్వండి.

• వారానికోసారి మీరే రౌటర్ ప్లగ్ పీకండి. పదిహేను నిమిషాల్లో ఫోన్ మోగకపోతే మీ ఏర్పాటు లేనట్టే.

• సంపు గదిలో నీళ్ళని అలర్ట్ వస్తే చెప్పుల్లేకుండా పరిగెత్తొద్దు. మెయిన్ ఎంసీబీ పొడిగా, చేతికందేలా ఉంటేనే దించండి. లేదంటే నీళ్ళలో అడుగు పెట్టకుండా కరెంటు ఆఫీసు వాళ్ళ 1912కి ఫోన్ కొట్టండి. సర్వర్ పోతే పోనీ.