చెవి పరీక్షకు పోయే ముందు

నల్లగొండకో పాలమూరుకో చెవి పరీక్షకు పోతుంటే, అంతకు ముందు కనీసం 16 గంటలు బరాత్ డీజే, రైస్‌మిల్లు, క్రషర్ మోతకు దూరంగా ఉండండి. పెద్ద మోత తర్వాత వినికిడి కొంతసేపు మందగిస్తుంది, రిపోర్టు తప్పుగా వస్తుంది.

గులిమి గట్టిపడితే ముందే ఈఎన్‌టీ డాక్టరుతో తీయించుకోవాలి. పిన్నీసు, అగ్గిపుల్ల, కాచిన నూనె వద్దే వద్దు. సర్ది ఉంటే చెప్పండి, వాయిదా వేయొచ్చు.

కమ్మలు, కళ్లద్దాలు తీయించి హెడ్‌ఫోన్ పెడతారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, అంటే బొంగురు మోత నుంచి సన్నటి కీచు దాకా, శబ్దాలు వినిపిస్తారు. లీలగా వినబడినా బటన్ నొక్కాలి. చాలామంది గట్టిగా వినబడేదాకా ఆగుతారు, లెక్క చెడేది అక్కడే. ఊహించి నొక్కినా అంతే. నొప్పేమీ ఉండదు.

మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు. తోడు వచ్చినవాళ్లు పక్కనుంచి అందియ్యొద్దు.

మందుల చీటీ, పాత రిపోర్టులు, వాడుతున్న చెవి మిషన్ మరవొద్దు.