కర్బన లెక్క – మూడో పాఠం: కాలేది, కారేది

గత పాఠంలో సంస్థకు హద్దు గీసుకున్నాం. ఏ భవనం, ఏ బండి, ఏ యంత్రం లెక్కలోకి వస్తాయో రాసుకున్నాం. ఇప్పుడు ఆ హద్దు లోపల మనమే నేరుగా గాలిలోకి వదిలేవాటి సంగతి. భూమిని వేడెక్కించే వాయువుల్ని లెక్కగట్టడానికి సంస్థలు వాడే ప్రమాణం జీహెచ్‌జీ ప్రోటోకాల్. దాని భాషలో ఇది స్కోప్ 1. చాలా సంస్థలకు ఇందులో రెండే ముఖ్యం: కాల్చే ఇంధనం, ఏసీల్లోంచి కారే గ్యాసు.

ముందు డీజిల్. బిల్లుల్లో ఉన్నవి కొన్న లీటర్లు, మనకు కావాల్సినవి కాలిన లీటర్లు. నెల మొదట్లో ట్యాంకులో 400 లీటర్లున్నాయి, 2,600 కొన్నారు, నెలాఖరున డిప్ రాడ్ (ట్యాంకులో మట్టం కొలిచే కడ్డీ) 550 చూపించింది అనుకోండి. కాలింది 2,450. లీటరుకు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున 6,566 కిలోలు, అంటే 6.57 టన్నులు.

ఆ 2.68 ఎలా వచ్చిందో ఒకసారి చేత్తో వేసి చూడండి. ఐపీసీసీ (వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం) 2006 మార్గదర్శకాల ప్రకారం కిలో డీజిల్‌లో 43 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, గిగాజౌలుకు 74.1 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. రెండూ గుణిస్తే కిలో డీజిల్‌కు 3.19. లీటరు డీజిల్ బరువు సుమారు 0.84 కిలో కాబట్టి లీటరుకు 2.68. కిలోల గుణకాన్ని లీటర్లకు వేస్తే లెక్క 19 శాతం ఉబ్బుతుంది. షీట్లలో తరచూ కనిపించే పొరపాటు ఇదే. ఎల్పీజీ సిలిండర్లు ఎలాగూ కిలోల్లోనే వస్తాయి కాబట్టి ఆ చిక్కు లేదు. కిలోకు సుమారు 3 కిలోలు వేసుకోండి.

జనరేటర్ ఇచ్చిన యూనిట్లను మళ్లీ కరెంటు ఖాతాలో కలపకండి. ఆ డీజిల్‌ను ఇక్కడే లెక్కపెట్టేశాం.

ఇక గ్యాసు. అసలు తిరకాసంతా ఇక్కడే. మెకానిక్ ఇచ్చే స్లిప్పులో ‘గ్యాస్ టాప్‌అప్’ అన్న రెండు మాటలే ఉంటాయి, బరువు ఉండదు. అకౌంట్స్ వాళ్లు దాన్ని మరమ్మతు ఖర్చులో వేసి మర్చిపోతారు. ఇకనుంచి గ్యాసు ఎక్కించే ముందు, తర్వాత సిలిండర్‌ను కాటా మీద పెట్టించండి. ముందు 14.2, తర్వాత 11.6 ఉంటే యంత్రంలోకి వెళ్లింది 2.6 కిలోలు. ఇంతకుముందు నిండుగా ఉన్న యంత్రమైతే, కారిపోయిందీ అంతే.

అది ఏసీల్లో వాడే ఆర్-410ఏ అనే గ్యాసు అనుకుందాం. అందులో సగం ఆర్-32, సగం ఆర్-125. ఐపీసీసీ ఐదో నివేదికలో వాటి వేడెక్కించే సామర్థ్యం, అంటే అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌కు ఎన్ని రెట్లో చెప్పే అంకె, 677, 3,170, సగటు 1,924. 2.6ను దానితో గుణిస్తే 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పై ఉదాహరణలో నెలంతా కాల్చిన డీజిల్ లెక్కలో ఇది ముప్పాతిక పైనే!

నాలుగో నివేదిక అంకెలు వాడితే అదే గ్యాసుకు 2,088 వస్తుంది. ఏదో ఒక నివేదికకే కట్టుబడండి; మార్చాల్సి వస్తే ఆధార సంవత్సరం (తర్వాతి ఏళ్లను పోల్చి చూసే మొదటి ఏడాది) లెక్కనూ తిరగ వేయాలి. కొత్త యంత్రంలో మొదటిసారి నింపింది కారుడు కాదు. మరమ్మతుకు ముందు గ్యాసును సిలిండర్‌లోకి వెనక్కి తీసి ఉంటే, ఎక్కించిన దాంట్లోంచి ఆ బరువు తీసేయండి. గ్యాసును అలా వెనక్కి తీయకుండా గాలికి వదిలేస్తే మాత్రం మొత్తం మన ఖాతాలోదే. పాత యంత్రాల్లోని ఆర్-22 అనే గ్యాసును స్కోప్ 1లో కలపరు, విడిగా చూపిస్తారు.

తగ్గించడం కూడా ఇక్కడే తేలిక. గ్యాసుతో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది కాబట్టి జాయింట్ల దగ్గర జిడ్డు మరక ఉందేమో చూడండి. అక్కడ సబ్బు నీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. ముందు లీకు మూయించండి, నైట్రోజన్‌తో ప్రెషర్ పట్టి చూడండి, వాక్యూమ్ చేయించి, నేమ్‌ప్లేట్ మీదున్న బరువు మేరకే నింపించండి. లీకు వదిలేసి గ్యాసు మాత్రమే ఎక్కించే మెకానిక్ ఆర్నెల్లకోసారి మళ్లీ వస్తూనే ఉంటాడు.

అభ్యాసం: గత 12 నెలల సర్వీసు స్లిప్పులన్నీ బయటికి తీసి యంత్రం, తేదీ, గ్యాసు రకం, బరువు అని నాలుగు గడుల్లో రాయండి. బరువు దొరకని చోట సున్నా వేయకండి. గడి ఖాళీగా ఉంచి, పక్కన ‘అంచనా వేయాలి’ అని రాయండి. వచ్చే పాఠంలో కరెంటు బిల్లు: అందులోని రెండు కొలతల్లో కేవీఏహెచ్ (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్)ను కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్) అనుకుంటే ఎంత తేడా వస్తుందో చూద్దాం.