రాత్రి అడవి దారిలో జంతువులు: ఫోన్ మ్యాప్‌ని సరిగ్గా వాడుకోవడం ఎలా

రాత్రిపూట సరుకు వ్యాన్ నడపడం నా పని. నా రూట్‌లో కొంత దూరం రెండు పక్కలా అడవే. వీధి దీపాలుండవు, చాలాచోట్ల సిగ్నల్ కూడా ఉండదు. జింకలు, అడవి పందులు, కుందేళ్లు ఆ రోడ్డు దాటుతూనే ఉంటాయి. "జంతువులు దాటే చోటు" అని బోర్డులున్నాయి కానీ, రోజూ తిరిగే డ్రైవర్ వాటిని పట్టించుకోవడం ఎప్పుడో మానేస్తాడు. బోర్డు ఎప్పుడూ ఒకటే మాట చెబుతుంది, జంతువు మాత్రం ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది. అదే ఫోన్ "ముందు జంతువులున్నాయి" అంటే, అది కాసేపటి క్రితం ఇంకో డ్రైవర్ కళ్లారా చూసిన సంగతి. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీంచి లేస్తుంది. ఆ సదుపాయాన్ని మనం పూర్తిగా వాడుకోవట్లేదన్నదే నా బాధ.

ముందు ఒక చిన్న లెక్క. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. కన్ను చూసి, కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి, ఆలోపే 33 మీటర్లు పోయాం. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా బండి ఆగడానికి ఇంకో 36 మీటర్ల దాకా కావాలి. మొత్తం 70 దగ్గర. లో బీమ్‌లో చాలా బళ్లకి అంత దూరం స్పష్టంగా కనిపించదు. అంటే జంతువు కనబడ్డాక బ్రేక్ వేసినా అప్పటికే ఆలస్యమైపోయింది. 60కి తగ్గితే మొత్తం 45 మీటర్లలో ఆగుతాం. లోడున్న బండికి, తడి రోడ్డుకి ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. యాప్ ఇచ్చే హెచ్చరిక విలువంతా ఆ వేగాన్ని ముందే తగ్గించుకోవడంలో ఉంది.

ఈ పనికి నేను వాడేది వేజ్. ఇది ఇజ్రాయెల్‌లో మొదలైన, దారి చూపే మ్యాప్ యాప్ (Waze), 2013లో గూగుల్ కొనుక్కుంది. దాని బలం డ్రైవర్లు ఇచ్చే రిపోర్టులే. రిపోర్ట్ బటన్ నొక్కితే ప్రమాదం, ట్రాఫిక్, పోలీస్ లాంటి గుర్తులతో పాటు "హజార్డ్" (రోడ్డు మీద ముప్పు) అని ఒకటి ఉంటుంది. జంతువులకి సంబంధించినవి దాని లోపల ఉంటాయి: రోడ్డు పక్కన జంతువులు, రోడ్డు మీద చచ్చిపడి ఉన్న జంతువు. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మెనూ కాస్త అటూ ఇటూ మారుతుంది కాబట్టి, బండి ఆపి ఉన్నప్పుడే ఒకసారి తెరిచి ఎక్కడుందో చూసి పెట్టుకోండి. చీకట్లో, కదిలే బండిలో వెతుక్కునే పని కాదు.

సెట్టింగ్స్‌లో అలర్ట్స్, రిపోర్ట్స్ అనే చోటికి వెళ్లి, హజార్డ్‌ల దగ్గర మ్యాప్ మీద చూపించడం, నడిపేటప్పుడు హెచ్చరించడం రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత సౌండ్. తెలిసిన రూటే కదా అని చాలామంది వాయిస్ పూర్తిగా ఆపేస్తారు. అప్పుడు హెచ్చరిక వచ్చినా స్క్రీన్ మీద మౌనంగా మెరిసి పోతుంది, మన కళ్లేమో రోడ్డు మీద ఉంటాయి. వేజ్‌లోనూ గూగుల్ మ్యాప్స్‌లోనూ "అలర్ట్స్ ఓన్లీ" అని ఒక పద్ధతి ఉంది. ఎడమకి తిరగండి, కుడికి తిరగండి అన్న గోల లేకుండా హెచ్చరికలు మాత్రమే వినిపిస్తాయి. రోజూ వెళ్లే దారికి అదే సరైనది.

గూగుల్ మ్యాప్స్ మాత్రమే వాడేవాళ్లు రోడ్డు మీద పెద్ద కళేబరం పడి ఉంటే "రోడ్డు మీద వస్తువు" అన్న గుర్తు పెట్టొచ్చు. యాక్సిడెంట్ గుర్తు మాత్రం పెట్టకండి. వెనకొచ్చేవాళ్లు రోడ్డు బ్లాక్ అయిందనుకుంటారు, అసలు సంగతి వాళ్లకి తెలియదు.

ఇక రిపోర్ట్ ఇవ్వడం గురించి. ఎక్కువ తేడాలు ఇక్కడే వస్తాయి. చూసిన చోటే నొక్కాలి. 80 వేగంలో పది సెకన్లు ఆలస్యం చేస్తే గుర్తు 220 మీటర్లు ముందుకి వెళ్లి పడుతుంది. వెనకొచ్చే డ్రైవర్‌కి హెచ్చరిక అంత ఆలస్యంగా మోగుతుంది, అప్పటికే అతను జంతువుల దగ్గరికి వచ్చేసి ఉండొచ్చు. నడిపే మనిషి ఫోన్ ముట్టుకోకూడదు, చాలా దేశాల్లో అది నేరం కూడా. మా బండిలో ఆ పని క్లీనర్ కుర్రాడిది. నేను "పెట్టు" అనగానే నొక్కుతాడు, "అన్నా, పెట్టేశా" అంటాడు, అంతే. పక్కన మనిషి లేకపోతే వాయిస్ కమాండ్‌తో ఇవ్వండి. అదీ కుదరకపోతే వదిలేయండి. మీ కళ్లు రోడ్డు మీద ఉండడం ఆ రిపోర్ట్ కంటే ముఖ్యం.

కనిపించిన ప్రతిదానికీ రిపోర్ట్ అక్కర్లేదు. ఒక కుందేలు రోడ్డు దాటి పొదల్లోకి వెళ్లిపోతే ఆ సంగతి అక్కడితో అయిపోయింది. రోడ్డు అంచున మేస్తున్న మంద, రోడ్డు మీదే నిలబడ్డ పెద్ద జంతువు, తల్లి వెనక మిగిలిపోయిన పిల్లలు, ఇవి కాసేపు అక్కడే ఉంటాయి కాబట్టి తప్పకుండా పెట్టాలి. చచ్చిన జంతువుకి కూడా పెట్టాలి. ఆ మాంసం కోసం నక్కలు, గద్దలు, కుక్కలు వస్తాయి, తర్వాతి బండి కింద పడేది అవే. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో టాస్మేనియన్ డెవిల్ అనే అరుదైన జంతువు సరిగ్గా ఇలాగే చచ్చిపోతోంది. రోడ్డు మీద పడి ఉన్న కళేబరాలు తినడానికి వచ్చి బళ్ల కింద పడుతోంది.

మీరు ఆ చోటికి వచ్చినప్పుడు "ఇంకా ఉందా" అని యాప్ అడిగితే, పక్కనున్న మనిషితో నిజం నొక్కించండి. ఉంటే ఉందని, లేకపోతే లేదని. లేని జంతువుల హెచ్చరికలు వరసగా మోగితే డ్రైవర్లు వాటిని కూడా బోర్డుల్లాగే వదిలేస్తారు. పాత గుర్తు తీసేయడం కూడా కొత్తది పెట్టినంత మేలే.

ఇన్ని చెప్పినా, సిగ్నల్ లేని చోట ఈ లైవ్ హెచ్చరికలు రావు. డౌన్‌లోడ్ చేసిన గూగుల్ మ్యాప్ దారి చూపిస్తుంది కానీ అప్పటికప్పటి సమాచారం ఇవ్వదు. అందుకే అడవి మొదలయ్యే ముందు, సిగ్నల్ ఉన్న చోట, రూట్ తెరిచి ముందున్న గుర్తులన్నీ ఒకసారి చూసుకోవాలి. లోపల ఏం కనిపించినా మా కుర్రాడు కిలోమీటరు రాయి నంబరు, టైము ఒక చిన్న పుస్తకంలో రాస్తాడు. సిగ్నల్ వచ్చాక, వెనక ఎక్కడో చూసినదాన్ని ఇప్పుడున్న చోట రిపోర్ట్ చేయడు.

ఆ పుస్తకం వల్ల నాకు ఇంకో లాభం కలిగింది. జంతువులు ఎక్కడపడితే అక్కడ దాటవు. కల్వర్టు దగ్గర, చెరువుకి దిగే దారి దగ్గర, పంట పొలం అడవిని ఆనుకున్న చోట, కంచె తెగిన చోట, మళ్లీ మళ్లీ అవే చోట్లు వస్తాయి. వేళలు కూడా అంతే, చీకటి పడే ముందూ తర్వాతా, తెల్లవారుజామున. అలాంటి చోట్లని గూగుల్ మ్యాప్స్‌లో వేలు నొక్కి పట్టి పిన్ పెట్టి, "దాటే చోట్లు" అని ఒక లిస్టులో సేవ్ చేశాను. ఆ లిస్టుని లింక్‌గా తోటి డ్రైవర్లకి పంపొచ్చు. సేవ్ చేసిన పిన్ దగ్గరికి వస్తే గూగుల్ మ్యాప్స్ దానంతటది మోగదు. ఐఫోన్ ఉన్నవాళ్లు రిమైండర్స్ యాప్‌లో "ఇక్కడికి చేరినప్పుడు" అని లొకేషన్ పెట్టుకుంటే మోగుతుంది. సరిగ్గా దాటే చోటికి చేరాక కాకుండా, దానికి ముందే మోగేలా చుట్టూ దూరం కాస్త ఎక్కువ పెట్టుకోండి. వానలు పడి అడవి లోపలే నీళ్లు దొరికితే చెరువు దారుల్లో దాటడం తగ్గుతుంది, కాబట్టి కాలం మారినప్పుడల్లా లిస్టు తిరగేయాలి.

ఓపిక ఉన్నవాళ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా గుర్తించొచ్చు. అది ఎవరైనా దిద్దగలిగే మ్యాప్, చాలా యాప్‌లు దాని మీదే నడుస్తాయి. జంతువులు దాటే ప్రమాదానికి అక్కడ వేరే ట్యాగ్ ఉంది. అయితే అధికారికంగా బోర్డు ఉన్న చోట్లకే అది వాడాలి, మన అంచనాలకి కాదు. చచ్చిన జంతువుల వివరాలు పరిశోధనకీ పనికొస్తాయి. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు 2009 నుంచి మామూలు జనం పంపే ఇలాంటి వివరాలతోనే, ఏ రోడ్డు మీద ఎక్కడ ఎక్కువ చస్తున్నాయో మ్యాప్ చేస్తున్నారు. జనం తాము చూసిన జంతువులు, మొక్కల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ఫొటో పెడితే, ప్రమాదంలో ఉన్న జాతులకి అది అసలు చోటు దాచేసి సుమారు ప్రాంతమే చూపిస్తుంది. ఈ జాగ్రత్త మనకీ ఉండాలి. పులి, చిరుత, ఏనుగు కనిపించిన చోటుని పేరుతో సహా గ్రూపుల్లో పంపకండి. వేటగాళ్లూ చూస్తారు, సెల్ఫీల కోసం వచ్చేవాళ్లూ చూస్తారు. డ్రైవర్‌కి "జంతువులున్నాయి" అన్న ఒక్క ముక్క చాలు.

హెచ్చరిక మోగాక ఏం చేయాలి? ముందు వేగం తగ్గించండి, వెనక బండి ఉందేమో చూసుకుంటూ. ఎదురు బళ్లు లేకపోతే హై బీమ్ వేసి రోడ్డు రెండు అంచులూ చూడండి. వెలుతురు పడితే జింకల కళ్లు మెరుస్తాయి, ఒళ్లు కనిపించేలోపే ఆ మెరుపు కనిపిస్తుంది. ఒకటి దాటిందని వేగం పెంచకండి, వెనక ఇంకోటి ఉంటుంది. జింక వెలుతురులో కొయ్యబారి నిలబడితే లైట్ డిప్ చేసి, ఆగి, దానికి టైమివ్వండి. ఏనుగైతే దూరంగానే ఆపండి, హారన్ వద్దు, లైట్లు ఆడించొద్దు. తప్పనిసరైతే తిన్నగా బ్రేక్ వేయండి. స్టీరింగ్ ఒక్కసారిగా కోస్తే బండి చెట్టుకో ఎదురు బండికో తగులుతుంది.

ఇంత చేసినా ఒక్కోసారి తగులుతుంది. పక్కకి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, గాయపడ్డ జంతువు దగ్గరికి వెళ్లకుండా అటవీ శాఖకో పోలీసులకో ఫోన్ చేయండి. స్వీడన్‌లో అయితే దుప్పి, జింక లాంటివి గుద్దితే పోలీసులకి చెప్పి, ఆ చోట గుర్తు కట్టి రావాలని చట్టమే ఉంది, గాయంతో పారిపోయిన దాన్ని వెతకడానికి. అటవీ శాఖ నంబరు మాత్రం అప్పుడు వెతుక్కుందామంటే సిగ్నల్ ఉండదు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకుని, డ్యాష్‌బోర్డ్ మీద కూడా ఒక కాగితం మీద రాసి అంటించండి.